గుడ్డ విమానానికి నేల ఎక్కడ?

పాత వాల్వు రేడియో ఇంట్లో ఉన్నవారికి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. దాని వెనక అట్టకు రెండు రంధ్రాలుండేవి. ఒకటి ఏరియల్‌కు, రెండవది ఎర్తుకు. ఏరియల్ సంగతి అందరూ శ్రద్ధగా చూసుకునేవారు. పెంకుటింటి కప్పు మీద రెండు వెదురుగడలు నిలిపి రాగితీగ లాగేవారు. లేదా గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగిజల్లి పట్టీ కట్టేవారు. ఎర్తు రంధ్రం మాత్రం చాలా ఇళ్లలో ఖాళీగానే ఉండిపోయేది. ఓపిక ఉన్నవారు అందులోంచి ఒక తీగ తీసుకెళ్లి, పెరట్లో నూతిగట్టు పక్క తడినేలలో దిగ్గొట్టిన ఇనుపకడ్డీకి చుట్టేవారు. ఆ రాత్రి గరగర కొంత తగ్గి రేడియో సిలోన్ కాస్త తేటగా వినిపించేది.

ఈ టపా ఆ రెండవ రంధ్రం గురించి. నేల మీద ఉన్న ఇంటికి ఎర్తు దొరకడం కష్టం కాదు. ఆకాశంలో ఎగిరే విమానానికి అది ఎక్కడ దొరుకుతుంది? ఆ విమానం చెక్కతో, గొట్టాలతో కట్టి, పైన గుడ్డ కప్పినదైతే? ఇంటి వెనక షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునేవారికి ఈనాటికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీని వెనక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండు ప్రాణాలు కూడా ఉన్నాయి.

గాలిపటంతో మొదలు

1880ల చివర జర్మనీలోని కార్ల్స్‌రూహేలో హైన్‌రిఖ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపాడు. అందుకు ఆయన వాడిన సాధనం చాలా సాదాది: ఒకే వరుసలో అమర్చిన రెండు లోహపు కడ్డీలు, వాటి నడుమ నిప్పురవ్వ దూకడానికి చిన్న ఖాళీ. కడ్డీలు రెండూ సమానం. ఒకదానికి ఒకటి జోడు. అందులో నేలకు ప్రమేయం లేదు.

1895లో ఇటలీలో మార్కోనీ ఆ జోడులో ఒకదాన్ని తీసివేశాడు. ఒక కొసను గడకు కట్టి పైకెత్తాడు. రెండవ కొసను భూమిలో పాతాడు. భూమే రెండవ కడ్డీ అయింది. గదిలో కొన్ని గజాలు పోయిన సంకేతం ఇప్పుడు గుట్ట దాటి సుమారు రెండు కిలోమీటర్లు పోయింది. అప్పటి నుంచి ఏరియల్, ఎర్తు అనే దంపతులు రేడియోకు స్థిరపడ్డారు.

రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ఏరియల్‌లోకి విద్యుత్తు ఒక క్షణం ఎగబాకుతుంది, మరుక్షణం దిగివస్తుంది. అది ఎగబాకాలంటే ఎక్కడి నుంచో తోసుకుని రావాలి. దిగినప్పుడు ఎక్కడికో పోవాలి. ఆ 'ఎక్కడో' లేకపోతే ఎంత పొడవైన తీగయినా ఒంటిచేతి చప్పట్లే.

1901 డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ మీద నిలబడి, అట్లాంటిక్ అవతల కార్న్‌వాల్ నుంచి వచ్చిన సంకేతాన్ని విన్నానని ప్రకటించాడు. అక్కడ ఆయన ఏరియల్‌ను పైకెత్తింది ఒక గాలిపటం. విమానం పుట్టడానికి ఇంకా రెండేళ్లుండగానే, గాలిలో తేలే గుడ్డ ఒకటి రేడియో తీగను ఆకాశానికి మోసిందన్నమాట. అయితే ఆ తీగ రెండవ కొస మాత్రం నేల మీదే ఉంది.

నేల విడిచిన తీగ

1910 ఆగస్టు 27న న్యూయార్క్ సమీపంలోని షీప్స్‌హెడ్ బే గుర్రప్పందాల మైదానం మీద కెనడాకు చెందిన జె.ఎ.డి. మెకర్డీ కర్టిస్ జంటరెక్కల విమానం నడుపుతూ మోర్స్ సంకేతాలు పంపాడు. ప్రేక్షకుల గ్యాలరీ కప్పు మీద కూర్చున్న హారీ హోర్టన్ వాటిని అందుకున్నాడు. విమానం నుంచి రేడియో సందేశం రావడం అదే మొదటిసారి అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. ఆ విమానం వెదురు, చెక్క, గుడ్డ, తీగల కూర్పు. ఏరియల్ దాని వెనక వేలాడుతూ పోయిన తీగ.

మరి ఎర్తు? విమానంలో ఎంత లోహం ఉంటే అంతే ఎర్తు. ఇంజను ఒక ఇనుపముద్ద. రెక్కలను బిగించిపట్టే ఉక్కుతీగలు పదుల సంఖ్యలో ఉంటాయి. తోకను తిప్పే తీగలు విమానం పొడవునా సాగుతాయి. వీటన్నిటినీ ఒకదానితో ఒకటి లోహంతో కలిపితే ఒక చిన్న, నకిలీ భూమి తయారవుతుంది. కలపకపోతే రెండు నష్టాలు. ఒకటి, సంకేతం బలహీనపడుతుంది. రెండవది, విడివిడిగా ఉన్న తీగల మధ్య నిప్పురవ్వలు దూకుతాయి. పెట్రోలు ట్యాంకు పక్కన, మంటకు ఇట్టే అంటుకునే వార్నిషు పూసిన గుడ్డ కింద నిప్పురవ్వ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. విమానంలోని లోహభాగాలన్నిటినీ కలిపికట్టే అలవాటు అలా మొదలై ఇప్పటికీ కొనసాగుతున్నది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇది నిత్యకృత్యమయింది. బ్రిటిష్ విమానదళం వారు 1915 నుంచి బి.ఇ.2సి వంటి గుడ్డ విమానాల్లో చిన్న స్పార్కు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, శత్రువుల మీద తమ ఫిరంగిగుండ్లు ఎక్కడ పడుతున్నాయో పైనుంచి చెప్పేవారు. లక్ష్యాన్ని గడియారం నడుమ ఉన్నట్టు ఊహించుకుని, ఉత్తరాన్ని పన్నెండు గంటలుగా భావించి, గుండు ఏ గంట దిక్కున ఎంత దూరంలో పడిందో ఒక అంకె, ఒక అక్షరంతో పంపేవారు. ఏరియల్ సుమారు 120 అడుగుల రాగితీగ. దాన్ని గిలకకు చుట్టి, కొసన సీసపు గుండు కట్టి, గాలిలోకి ఎగిరాక వదిలేవారు. దిగేముందు మళ్లీ చుట్టుకోవాలి. మరిచిపోతే ఆ సీసం చెట్లనూ కప్పులనూ తాకుతూ వచ్చేది. శత్రువిమానం మీదపడితే చుట్టే వ్యవధి ఉండదు, తెంపి పారేయడమే.

అంత తీగ ఎందుకంటే, ఆనాటి తరంగాల పొడవు వందల మీటర్లు. ఏరియల్ సమర్థంగా పనిచేయాలంటే తరంగంలో నాలుగోవంతైనా ఉండాలన్నది లెక్క. ముప్పై అడుగుల విమానానికి నూట ఇరవై అడుగుల తోక అలా వచ్చింది.

ఈ కథలో నాకు ముచ్చటగా తోచే అంశం మరొకటి ఉంది. ఆ విమానాలు పంపగలవే కానీ వినలేవు. రిసీవరు కూడా మోసేంత సత్తా వాటికి లేదు. అందుకని కింది ఫిరంగిదళం వారు తెల్లని గుడ్డపీలికలను నేల మీద అక్షరాల ఆకారంలో పరిచి జవాబు చెప్పేవారు. పైనుంచి రేడియో, కిందనుంచి గుడ్డ.

తెగిన తీగ

1928లో రేడియో తన విలువ చాటుకుంది. ఆస్ట్రేలియా వైమానికుడు చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ 'సదరన్ క్రాస్' అనే మూడింజన్ల ఫాకర్ విమానంలో మే 31న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నుంచి బయలుదేరి, హవాయి, ఫిజీల మీదుగా జూన్ 9న బ్రిస్బేన్ చేరాడు. పసిఫిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటడం అదే మొదలు. ఉక్కుగొట్టాల చట్రం మీద గుడ్డ కప్పిన ఆ విమానం దారిపొడవునా రేడియోలో మాట్లాడుతూనే వచ్చింది. అంతకు ఏడాది ముందే లిండ్‌బెర్గ్ అట్లాంటిక్ దాటినప్పుడు బరువు తగ్గించుకోవడానికి రేడియోనే వదిలేశాడు. ఆయన పద్ధతి ఒకటి, ఈయన పద్ధతి ఒకటి.

మరుసటి ఏడాది మార్చి 30న అదే సదరన్ క్రాస్ సిడ్నీ సమీపంలోని రిచ్మండ్ నుంచి ఇంగ్లండుకు బయలుదేరింది. తొలి మజిలీ వాయవ్యతీరాన విండమ్. బయలుదేరిన కొద్దిసేపటికే, దూరపు సందేశాలు అందుకునే వేలాడే ఏరియల్ తీగ ఊడి పడిపోయింది. వెనక్కి తిరగలేదు. విండమ్‌లో వాతావరణం బాగాలేదన్న వార్త వారికి అందలేదు. వానలో, మబ్బులో దారితప్పి, ఇంధనం అడుగంటి, మార్చి 31న కింబర్లీ ప్రాంతంలో గ్లెనెల్గ్ నది దగ్గర బురదనేల మీద దిగారు. తమ వద్ద మిగిలిన కాఫీలో బ్రాందీ కలుపుకుని తాగి, ఆ చోటికి 'కాఫీ రాయల్' అని పేరు పెట్టారు.

ట్రాన్స్‌మిటర్ చెడిపోలేదు. కానీ దానికి విద్యుత్తునిచ్చే జనరేటరు విమానం ఎగురుతున్నప్పుడు గాలితోసే చిన్న పంఖాతో తిరిగేది. నేల మీద గాలి తోయదు; జనరేటరు తిరగదు. తమ కోసం జరుగుతున్న గాలింపు వార్తలు చెవిన పడుతున్నా, తామిక్కడున్నామని చెప్పలేని స్థితి. ఏప్రిల్ 12న 'కాన్బెరా' అనే విమానం వారిని చూసేదాకా అలాగే ఉన్నారు. నలుగురూ బతికారు.

వారిని వెతకబోయిన ఇద్దరు బతకలేదు. కీత్ అండర్సన్ ఒకప్పుడు కింగ్స్‌ఫర్డ్ స్మిత్‌కు భాగస్వామి. పసిఫిక్ యాత్ర విషయమై ఇద్దరికీ చెడింది. అయినా మిత్రుడు ఆపదలో ఉన్నాడని మెకానిక్ బాబ్ హిచ్‌కాక్‌ను వెంటబెట్టుకుని 'కూకబరా' అనే చిన్న వెస్ట్‌లాండ్ విడ్జియన్ విమానంలో బయలుదేరాడు. అందులో రేడియో లేదు. నీళ్లు కూడా కొద్దిగానే ఉన్నాయి. ఏప్రిల్ 10న ఇంజనులో లోపం వచ్చి టనామీ ఎడారిలో దిగారు. లోపం సరిచేసుకున్నారు. కానీ ముళ్లపొదలు నిండిన ఆ ఇసుకనేల నుంచి ఎంత ప్రయత్నించినా విమానం లేవలేదు. దాహంతో ఇద్దరూ చనిపోయారు. ఏప్రిల్ 21న క్వాంటాస్ విమానం 'అటలాంటా' వారి విమానాన్ని కనిపెట్టేనాటికి అంతా ముగిసింది.

రేడియో లేని ఆ విమానంలో అండర్సన్ తన చివరి మాటలు ఎక్కడ రాశాడో తెలుసా? విమానం తోకలోని చుక్కాని మీద కప్పిన గుడ్డ మీద. ఏం జరిగిందో, ఎలా ప్రయత్నించారో, నీళ్లు ఎలా అయిపోయాయో దాని మీద రాసిపెట్టాడు. ఆకాశంలోకి వెళ్లవలసిన మాట గుడ్డ మీదే నిలిచిపోయింది.

ప్రచారం కోసమే కింగ్స్‌ఫర్డ్ స్మిత్ తప్పిపోయినట్టు నటించాడని పత్రికల్లో నిందలు వచ్చాయి. విచారణ సంఘం ఆయనను నిర్దోషిగా తేల్చింది. పాడైపోయిన కూకబరా అవశేషాలను 1978లో డిక్ స్మిత్ బృందం కనిపెట్టింది. అవి ఆ తరవాత ఆలిస్ స్ప్రింగ్స్ విమానశాలకు చేరాయి.

రేడియో లేకుండా ఎగరడం ఆనాటికి వింత కాదు. మన దేశంలోనూ 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చిన పుస్ మాత్ గుడ్డ విమానంలో రేడియో లేదు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు ఆ తపాలా తీసుకెళ్లాడు. నేల మీద కనిపించే గుర్తులు, దిక్సూచి, ధైర్యం, ఇవే ఆధారం.

తీగ పొట్టిదయింది, నేల మాయమైంది

రెండవ ప్రపంచయుద్ధం తరవాత విమానాల సంభాషణ అతిహ్రస్వ తరంగాలకు మారింది. ఇప్పుడు పౌరవిమానాలు మాట్లాడుకునేది 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. తరంగం పొడవు సుమారు రెండుంపావు, రెండున్నర మీటర్లు. అందులో నాలుగోవంతు అరవై సెంటీమీటర్లకు అటూఇటూ. 120 అడుగుల తోక రెండడుగుల పుల్ల అయింది. గిలక లేదు, సీసం లేదు, తెగిపోతుందన్న భయం లేదు.

ఈలోగా పెద్ద విమానాలన్నీ అల్యూమినియం తొడుక్కున్నాయి. ఆ రేకు మీద రంధ్రం చేసి యాంటెన్నా బిగిస్తే చాలు. చుట్టూ ఉన్న రేకే దానికి నేల. తయారీదారులు యాంటెన్నాలను కూడా ఆ నమ్మకంతోనే చేయసాగారు. పెట్టెలో యాంటెన్నా ఒక్కటే వస్తుంది. దాని రెండవ సగం కొనేవాడి విమానంలో ఉంటుందని వారి ఉద్దేశం.

ఇంట్లో విమానం కట్టుకునేవారు మాత్రం గుడ్డను వదల్లేదు. 1929లో అమెరికాలోని మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఎ కారింజను పెట్టి ఎగరేసిన 'ఎయిర్ క్యాంపర్' చెక్క, గుడ్డలదే. ఆ నమూనా విమానాలను జనం ఇప్పటికీ కట్టుకుంటున్నారు. 1953లో పాల్ పోబరెజ్నీ మిల్వాకీలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థాపించాడు. 1955లో 'మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్' పత్రికలో ఆయన 'బేబీ ఏస్' నిర్మాణం గురించి రాసిన వ్యాసాలు వేలమందికి ఆశ పుట్టించాయి. అది ఉక్కుగొట్టాల మీద గుడ్డ. నూలుగుడ్డ పోయి పాలియెస్టర్ వచ్చింది కానీ పద్ధతి అదే. గుడ్డ చవక, తేలిక, ఇంట్లో కుట్టుకోవచ్చు, ఇస్త్రీపెట్టెతో బిగించుకోవచ్చు.

ఆ విమానం మీద కొనుక్కొచ్చిన యాంటెన్నా బిగిస్తే జరిగేది ఇది. గుడ్డ రేడియో తరంగాలకు అడ్డు రాదు. అది దాని సుగుణం. కానీ నేలగా పనికిరాదు. అది దాని లోపం. రెండవ సగం దొరకని విద్యుత్తు ఊరుకోదు. రేడియో నుంచి వచ్చే కేబులు పైతొడుగునే నేలగా చేసుకుని వెనక్కి పాకుతుంది. మైకు, హెడ్‌ఫోను, సీటు కింది తీగలు అన్నీ యాంటెన్నాలో భాగమైపోతాయి. పైలటు మాట్లాడితే తన చెవిలోనే కీచుమంటుంది. విమానాశ్రయంలో వినేవారికి మాత్రం సగం మాటలే అందుతాయి. రేడియో చెడిపోయిందని అతడు దాన్ని మారుస్తాడు. మార్చినా అంతే. చెడిపోయింది రేడియో కాదు. ఎర్తు రంధ్రం ఖాళీగా ఉంది.

నేలను కట్టుకోవడం

దీనికి విరుగుడు రెండు విధాలు.

మొదటిది మార్కోనీ మార్గం: నేల లేకపోతే కట్టుకోవడం. యాంటెన్నా మొదట్లో ఒక అల్యూమినియం పలకను చట్రానికి బిగించి, దాని నుంచి నలుదిక్కులకూ, అరవై సెంటీమీటర్లకు తగ్గకుండా, పలుచని లోహపు పట్టీలను చక్రంలో ఆకుల్లా పరచాలి. వీటిని గుడ్డకు లోపలివైపు అంటిస్తారు. అమెరికా పౌరవిమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. సలహాపత్రంలో కూడా గుడ్డ విమానాలకు ఈ పట్టీల పద్ధతినే చెప్పింది. పట్టీలన్నీ యాంటెన్నా మొదలుకు గట్టిగా కలిసి ఉండాలి. ఉక్కుగొట్టాల చట్రమైతే దానికీ కలపాలి. 1915లో ఉక్కుతీగలన్నిటినీ కలిపికట్టిన పనే ఇది, కాస్త పొందికగా.

రెండవది హెర్ట్జ్ మార్గం: నేల అక్కర్లేని జోడుకడ్డీలకు తిరిగి వెళ్లడం. రాగిరేకు పట్టీలు రెండింటిని కొసాకొసా ఎదురుగా నిలువునా అంటించి, నడుమ కేబులు కలిపితే చాలు. మొత్తం పొడవు మీటరు పైచిలుకు. చెక్కతో కట్టిన నిలువుతోక లోపల, గుడ్డ చాటున దాన్ని దాచవచ్చు. బయటికి ఏమీ కనిపించదు. గాలికి అడ్డూ ఉండదు. అయితే ఉక్కుగొట్టాల పంజరం లోపల ఇది పనికిరాదు. గొట్టాలు తరంగాలను దారిమళ్లిస్తాయి. చేతిరేడియోను దాని పొట్టి యాంటెన్నాతోనే ఆ పంజరంలో కూర్చుని వాడేవారికి దూరం అందకపోవడానికి కారణం కూడా ఇదే.

గుడ్డ మీద ఎండ సోకకుండా పూసే వెండిరంగులో అల్యూమినియం పొడి ఉంటుంది కదా, అది నేలగా పనిచేయదా అని కొందరికి సందేహం. పనిచేయదు. ఆ పొడిలోని రేణువులు ఒక్కొక్కటీ రంగు జిగురులో విడివిడిగా మునిగి ఉంటాయి. ఒకదానికొకటి తగలని నాణేలు ఎన్ని పరిచినా రేకు కానట్టే, అదీ లోహపు తొడుగు కాదు.

ఇంకొక చిక్కు ఇంజనుది. కవచం లేని పాత మాగ్నెటో తీగల్లో క్షణక్షణం దూకే నిప్పురవ్వలు రిసీవరులో గరగరగా వినిపిస్తాయి. అందులో ఆశ్చర్యం లేదు. మెకర్డీ వాడిన ట్రాన్స్‌మిటర్ కూడా నిప్పురవ్వదే. కవచం లేని ఇంజను అంటే ఒకప్పటి స్పార్కు ట్రాన్స్‌మిటర్ తన భాషలో తాను మాట్లాడటమే. దాని నోరు లోహపు తొడుగుతో కట్టేయాలి.

ఇవన్నీ కష్టమైన పనులు కావు. ఒక సాయంత్రంలో అయిపోతాయి. అయితే ఆ సాయంత్రం గుడ్డ కప్పకముందు రావాలి. చట్రం ఎముకలగూడులా కనిపిస్తున్నప్పుడే పలక ఎక్కడ బిగించాలో, పట్టీలు ఎటు పరచాలో, కేబులు ఎటు తీసుకెళ్లాలో, తరవాత మర చేతికందడానికి మూత ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోవాలి. గుడ్డ లాగి, బిగించి, పూతల మీద పూతలు పూశాక గుర్తొస్తే దాన్ని కోయాలి. నెలల తరబడి చేసుకున్న నున్నటి గుడ్డ మీద కత్తి పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. 'రేడియో తరవాత చూద్దాంలే' అన్న మాట అక్కడ పుడుతుంది.

యాంటెన్నా అంటే బయటికి కనిపించే పుల్ల అనే అనుకుంటాం. నిజానికి అది సగమే. కనిపించని సగాన్ని భూమి ఉచితంగా ఇచ్చినన్నాళ్లూ మనం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అల్యూమినియం ఇచ్చినన్నాళ్లూ లెక్కలోకి తీసుకోలేదు. గుడ్డ మాత్రం ఏదీ ఊరకే ఇవ్వదు, అడిగి చేయించుకుంటుంది.

గుడ్డ కప్పబోయేవారు ఎవరైనా ఈ మాటలు చదివితే, ఒక్క నిమిషం ఆగి టనామీ ఎడారిలోని ఆ చుక్కానిని తలచుకోవాలని నా కోరిక. మాట గుడ్డను దాటి ఆకాశంలోకి వెళ్లే దారి ముందే వేసిపెట్టుకుంటే, గుడ్డ మీద రాసుకునే అవసరం ఎవరికీ రాదు.